కెర్నెల్ అడ్రస్‌ను లాగ్‌లో చూపాలా, దాచాలా?

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ తాను చేస్తున్న పనులను ఎప్పటికప్పుడు ఒక లాగ్‌లో రాసుకుంటూ పోతుంది. ఏ డ్రైవర్ లోడయింది, ఏ డిస్కు బదులివ్వలేదు, ఏ ఫంక్షన్ మధ్యలో కూలిపోయింది, అన్నీ అందులో ఉంటాయి. చాలాకాలం ఆ వరుసల్లో మెమరీ అడ్రస్‌లు కూడా ఉన్నవి ఉన్నట్టే పడేవి. 64 బిట్ల యంత్రంలో 16 అంకెల ఆ హెక్సాడెసిమల్ సంఖ్య బగ్ వెతికే ఇంజినీరుకు దారి చూపిస్తుంది. యంత్రంలోకి చొరబడాలని కూర్చున్నవాడికీ చూపిస్తుంది. ఆ సంఖ్యను ఏం చెయ్యాలన్న వాదన లైనక్స్ ప్రపంచంలో 2010 ప్రాంతం నుంచి నడుస్తోంది. మధ్యలో రెండు మూడుసార్లు తేలిపోయిందనిపించింది, మళ్లీ లేచింది.

వాదన ఇంతగా చిక్కుపడటానికి ఇరుపక్షాల మొండితనం కొంత కారణమే. అయితే అసలు కారణం వేరే ఉంది. లాగ్‌లో పడే అడ్రస్ ఒకే పని చేస్తుందని అందరూ అనుకుంటూ వచ్చారు. నిజానికి అది మూడు వేర్వేరు పనులు చేసేది. ఒక పనికి దొరికిన ప్రత్యామ్నాయం మరో పనికి పనికిరాకపోయేసరికి, ఆ ప్రత్యామ్నాయమే దండగని ఒకరూ, ఇంకేం కావాలని మరొకరూ అంటూ వచ్చారు.

అడ్రస్ చేసే మూడు పనులు

సీ భాషలో పాయింటర్ విలువను అచ్చువేయడానికి %పి అన్న సంకేతం ఉంది. కెర్నెల్‌లోని ప్రింట్‌కె ఫంక్షన్ కూడా దాన్నే వాడుతుంది. దాన్ని రాయడం ఎంత తేలికంటే, డ్రైవర్ రాసే ప్రతివాడూ ఎందుకైనా మంచిదని ఒక %పి పడేసేవాడు.

మొదటి పని గుర్తింపు. ఒక నెట్‌వర్క్ డ్రైవర్ బఫర్ తీసుకున్నప్పుడు ఒక సంఖ్య అచ్చయింది, విడుదల చేసినప్పుడు అదే సంఖ్య పడింది, కాసేపటికి విడుదల వరుసలో మళ్లీ అదే సంఖ్య కనబడింది. ఒకే బఫర్‌ను రెండుసార్లు విడుదల చేశారని తేలిపోయింది. ఇక్కడ ఆ సంఖ్య విలువ ఎంతన్నది ఎవరికీ అక్కర్లేదు. రెండు వరుసల్లోనూ ఒకటేనా కాదా అన్నదే కావాలి.

రెండో పని చోటు చెప్పడం. కోడ్ ఎక్కడ ఆగిపోయింది? ఏ ఫంక్షన్ మొదలు నుంచి ఎన్ని బైట్ల దూరంలో? అడ్రస్‌ను సింబల్ పట్టికతో పోల్చి చూస్తే ఫంక్షన్ పేరు, ఆపై సోర్స్‌లో వరుస సంఖ్య దొరుకుతాయి.

మూడోది లెక్క, పోలిక. రెండు వస్తువులు ఒకే మెమరీ పేజీలో ఉన్నాయా? పాయింటర్ ఎనిమిది బైట్లు దాటి పక్కదానిలోకి జారిందా? ఒక్క బిట్ మాత్రమే తలకిందులై ఉందా, అంటే మెమరీ చిప్పే చెడిందా? లైనక్స్‌లో మెమరీ తప్పులను పట్టే స్లాబ్ డీబగ్గింగ్ పెట్టినప్పుడు, విడుదలైన మెమరీని 6బి అన్న బైటుతో నింపుతారు. లాగ్‌లో ఒక పాయింటర్ 6బి6బి6బి6బి అని కనిపిస్తే, అనుభవం ఉన్నవాడికి ఇంకేమీ చూడనక్కర్లేదు. విడుదల చేసిన మెమరీని ఎవరో ఇంకా వాడుతున్నారని ఆ అంకెల తీరే చెప్పేస్తుంది. ఈ మూడో పనికే ఇప్పటికీ సరైన ప్రత్యామ్నాయం దొరకలేదు.

అదే సంఖ్య రహస్యం ఎలా అయింది

మెమరీ లోపాలను వాడుకుని చొరబడేవాడికి ఎక్కడికి దూకాలో, ఏది తిరగరాయాలో తెలిసి ఉండాలి. కెర్నెల్ ఎప్పుడూ ఒకే చోట కూర్చునే రోజుల్లో ఆ విషయం లాగ్ చూసి తెలుసుకోవలసిన అవసరమే ఉండేది కాదు. ఒక లైనక్స్ పంపిణీ (డిస్ట్రిబ్యూషన్) విడుదల చేసిన కెర్నెల్ బైనరీ అందరి యంత్రాల్లోనూ ఒకటే కాబట్టి, తన యంత్రంలో చూసుకుంటే చాలు.

మెమరీ అమరికను ప్రతిసారీ చెదరగొట్టాలన్న ఆలోచనను 2001లో ప్యాక్స్ ప్రాజెక్టు ఆచరణలో పెట్టింది. మామూలు ప్రోగ్రాములకు అది 2005లో 2.6.12 వెర్షన్‌తో అసలు లైనక్స్‌లోకి వచ్చింది. కెర్నెల్ తనను తానే చెదరగొట్టుకునే పద్ధతి, కేఏఎస్ఎల్ఆర్, రావడానికి మరో తొమ్మిదేళ్లు పట్టింది. కీస్ కుక్ కృషితో 2014 మార్చిలో విడుదలైన 3.14 వెర్షన్‌లో ఎక్స్86 యంత్రాలకు చేరింది. 2017లో 4.12 నుంచి అది డిఫాల్ట్ అయింది.

దీనిలో ఒక బలహీనత పుట్టుకతోనే ఉంది. ఎక్స్86-64లో కెర్నెల్ కోడ్ ఒక గిగాబైట్ పరిధిలో, రెండు మెగాబైట్ల అంచెల్లో ఎక్కడో ఒకచోట కూర్చుంటుంది. అంటే కూర్చోగల చోట్లు 512కి మించవు. పైగా కోడ్ అంతా ఒకే ముద్దగా జరుగుతుంది. ఒక్క ఫంక్షన్ అడ్రస్ బయటపడితే మిగతా వేలాది ఫంక్షన్ల అడ్రస్‌లు కూడికతో వచ్చేస్తాయి. కాబట్టి లాగ్‌లో ఎక్కడో మూలన పడిన ఒకే ఒక్క %పి మొత్తం రక్షణను వమ్ము చేయగలదు.

ఇది ఊహ కాదనడానికి మంచి ఉదాహరణ ఉంది. బూట్ అవుతున్నప్పుడు ఇక అక్కర్లేని మెమరీని విడుదల చేస్తూ కెర్నెల్ ఒక వరుస రాసేది. ఎన్ని కిలోబైట్లు, ఏ అడ్రస్ నుంచి ఏ అడ్రస్ దాకా అని. ఎవరికీ హాని చేయని వరుసలా కనిపిస్తుంది. 2017లో ప్యాకెట్ సాకెట్లలో బయటపడిన సీవీఈ-2017-7308 లోపానికి దాన్ని కనుగొన్న ఆండ్రే కొనొవలోవ్ రాసిన ఎక్స్‌ప్లాయిట్ సరిగ్గా ఆ వరుస కోసమే లాగ్‌ను వెతికింది. అందులోని అడ్రస్‌ను పట్టుకుని కెర్నెల్ మొదలు ఎక్కడో లెక్కగట్టింది. దాని గురి 4.8 కెర్నెల్ నడిపే ఉబుంటు మీద. జోష్ పాయింబూఫ్ ఆ వరుసలో నుంచి అడ్రస్‌లను 2016 అక్టోబరులోనే తీసేశారు. కాని ఆ మార్పు అప్పటికి జనం వాడుతున్న కెర్నెళ్లకు చేరలేదు.

మొదటి బాట: చదివేవాడిని బట్టి చూపడం

కెర్నెల్ కేఏఎస్ఎల్ఆర్ రాకముందే, 2010, 2011 ప్రాంతంలోనే డాన్ రోజెన్‌బర్గ్ రెండు తాళాలు తెచ్చారు. 2.6.37 వెర్షన్‌లో వచ్చిన డిమెసేజ్-రెస్ట్రిక్ట్ అన్న సెట్టింగ్ మామూలు యూజర్లు కెర్నెల్ లాగ్‌నే చదవకుండా ఆపుతుంది. 2.6.38లో వచ్చిన కేపీటీఆర్-రెస్ట్రిక్ట్ ఇంకొంచెం సున్నితంగా పనిచేస్తుంది. డెవలపర్ %పికె అని రాస్తే, సెట్టింగ్ విలువ 1గా ఉన్నప్పుడు తగిన అధికారం ఉన్నవాడికి అసలు అడ్రస్, లేనివాడికి వరుసగా సున్నాలు కనబడతాయి. విలువ 2 అయితే ఎవరికైనా సున్నాలే.

కాగితం మీద చక్కగానే ఉంది. ఆచరణలో మూడు చోట్ల కుంటుపడింది.

మొదటిది, ఇది అడిగితేనే వచ్చే రక్షణ. %పికె అని రాయాలని గుర్తున్నవాడికే ఉపయోగం. 2017 నాటికి కెర్నెల్‌లో ముసుగు లేని %పి వాడకాలు దాదాపు 14,000 ఉన్నాయని టోబిన్ హార్డింగ్ లెక్క చెప్పారు. %పికె వాటి పక్కన పిడికెడు. లైనస్ టోర్వాల్డ్స్ అప్పటి చర్చల్లో ఈ పద్ధతిని గట్టిగా విమర్శించడానికి ఇదే ముఖ్య కారణం.

రెండోది అధికారం ఎవరిదో తేల్చడం. కెర్నెల్ తన వివరాలు చూపే ప్రాక్ ఫైల్‌ను తెరిచింది ఒకరు, చదివింది మరొకరు కావచ్చు. మామూలు యూజర్ ఫైల్ తెరిచి, దాన్ని రూట్ అధికారంతో నడిచే ఒక సెట్‌యుఐడి ప్రోగ్రాముకు అందిస్తే, సున్నాలు పడవలసిన చోట అడ్రస్‌లు పడేవి. దీన్ని 2013లో సరిచేశారు. ఇంటరప్ట్ నడుస్తున్నప్పుడైతే ఎవరి అధికారం చూడాలన్న ప్రశ్నకు అర్థమే లేదు. అక్కడ %పికె అడ్రస్‌కు బదులు ఎర్రర్ అని అచ్చువేసి చేతులెత్తేస్తుంది.

మూడోది లాగ్‌కే ప్రత్యేకమైన చిక్కు. ప్రాక్ ఫైల్‌లో రాసేదీ చదివేదీ ఒకే క్షణంలో జరుగుతాయి కాబట్టి చదివేవాడి అధికారం చూడటంలో అర్థం ఉంది. లాగ్ అలా కాదు. రాసేటప్పుడు కెర్నెల్‌కు కనిపించేది ఆ క్షణాన సీపీయూ మీద ఉన్న ప్రాసెస్ మాత్రమే. అది రూట్‌ది అయితే అసలు అడ్రస్ లాగ్‌లో పడిపోతుంది. గంట తరవాత ఎవరు చదువుతారో ఎవరికి తెలుసు? ఇందులో ఒక వింత కూడా ఉంది. నేటి కెర్నెళ్లలో ఆ సెట్టింగ్ 0గా ఉంటే %పికె కూడా %పిలాగే, కింద వివరించే హ్యాష్‌నే ఇస్తుంది. 1కి పెంచి కట్టుదిట్టం చేశామనుకుంటే, అధికారం ఉన్న ప్రాసెస్ పేరు మీద అసలు అడ్రస్ లాగ్‌లోకి జారవచ్చు. థామస్ వైస్‌షూ 2025లో ప్రింట్‌కె పిలుపుల్లో నుంచి %పికెను ఏరివేసే ప్యాచ్‌లు పంపడానికి ఇదొక కారణం.

అయినా ఈ బాటను పూర్తిగా తోసిపుచ్చలేం. డెబియన్ మామూలు యూజర్లకు కెర్నెల్ లాగ్‌ను మూసేసింది. ఉబుంటు 20.10 నుంచి అదే దారి పట్టింది. ఆండ్రాయిడ్ అడ్రస్‌లను ఎవరికీ చూపని 2వ మెట్టు మీద ఉంది. లాగ్‌లో అడ్రస్‌లే కాక రహస్యాలు ఇంకా చాలా ఉంటాయి కాబట్టి ఆ తలుపు వెయ్యడం ఎటూ మంచిదే. కాకపోతే లాగ్ ఒక్క చోట ఉండదు. జర్నల్‌లోకి పోతుంది, వేరే సర్వర్‌కు పోతుంది, క్రాష్ సమాచారం పోగుచేసే సేవలకు పోతుంది, బగ్ రిపోర్టులో అతికించబడి లోకమంతా తిరుగుతుంది. యంత్రం మీద వేసిన తాళం వాటి వెంట వెళ్లదు.

రెండో బాట: హ్యాష్ చేసి చూపడం

2018 జనవరిలో వచ్చిన 4.15 వెర్షన్ ఈ చరిత్రలో పెద్ద మలుపు. టోబిన్ హార్డింగ్ తయారుచేసిన మార్పుతో ఆ వేలాది %పిలన్నీ, ఒక్క డ్రైవర్‌ను కూడా ముట్టుకోకుండా, రాత్రికి రాత్రి అర్థం మార్చుకున్నాయి. అడ్రస్ స్థానంలో దాని హ్యాష్ అచ్చవుతుంది. వాడిన పద్ధతి సిప్‌హ్యాష్. 2012లో జాన్-ఫిలిప్ ఓమసోన్, డానియెల్ బెర్న్‌స్టీన్ రూపొందించినది. ప్రతి బూట్‌కూ కెర్నెల్ కొత్త రహస్య కీని యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. ఫలితంలో కింది 32 బిట్లు మాత్రమే ఉంచి పైవి సున్నాలు చేస్తుంది.

గుర్తింపు అన్న మొదటి పనికి ఇది చక్కగా సరిపోతుంది. ఒక బూట్‌లో ఒక అడ్రస్‌కు ఎప్పుడూ ఒకే హ్యాష్. రెండుసార్లు విడుదలైన బఫర్ ఇప్పటికీ పట్టుబడుతుంది. చొరబాటుదారుకు మాత్రం ఆ సంఖ్య నుంచి వెనక్కి నడిచే దారి లేదు. అడగకుండానే వచ్చే రక్షణ కావడం దీని అసలు బలం. మతిమరుపు డెవలపర్ కూడా సురక్షితంగా మిగిలిపోతాడు.

అభ్యంతరాలు వెంటనే మొదలయ్యాయి. అవేమీ చాదస్తపు మాటలు కావు. బూట్ తొలి క్షణాల్లో యాదృచ్ఛిక కీ ఇంకా సిద్ధం కాదు. అప్పుడు సంఖ్యకు బదులు బ్రాకెట్లలో పీటీఆర్‌వాల్ అన్న ఒకే మాట ప్రతిచోటా పడేది. డ్రైవర్లలో సగం గొడవలు జరిగేది ఆ తొలి క్షణాల్లోనే. దాంతో బలహీనమైన హ్యాష్‌నైనా సరే మొదటి నుంచీ వాడనిచ్చే ఒక బూట్ ఐచ్ఛికాన్ని 2018లోనే చేర్చవలసి వచ్చింది. శూన్య పాయింటర్లకూ, లోపాల కోడ్‌లను మోసే పాయింటర్లకూ హ్యాష్ చెయ్యడం మరీ విడ్డూరం. వాటిలో దాచడానికి ఏమీ లేదు, చూడటానికే ఉంది. 2020లో వాటిని హ్యాష్ నుంచి మినహాయించారు.

మూడో పనికి మాత్రం హ్యాష్ గొడ్డలిపెట్టు. 6బి6బి అన్న తీరు కనబడదు. రెండు హ్యాష్‌లను తీసివేస్తే వచ్చేది చెత్త. ఇక క్రాష్ డంప్‌తో లాగ్‌ను పోల్చడం సంగతి చెప్పనక్కర్లేదు. డంప్‌లో అసలు అడ్రస్‌లుంటాయి, లాగ్‌లో హ్యాష్‌లు. డంప్‌లోనే రహస్య కీ కూడా ఉంటుంది కాబట్టి, అనుమానం ఉన్న ఒక అడ్రస్‌కు హ్యాష్ కట్టి లాగ్‌లోని సంఖ్యతో పోల్చుకోవచ్చు. కాని హ్యాష్ నుంచి అడ్రస్‌కు రావాలంటే డంప్‌లోని పాయింటర్లన్నింటినీ గాలించాలి. 32 బిట్లకు కుదించడం వల్ల అరుదుగా రెండు అడ్రస్‌లు ఒకే సంఖ్యగా కనిపించే అవకాశమూ ఉంది.

ఈ నొప్పిని తగ్గించడానికి రెండు కిటికీలు తెరిచారు. ఒకటి 4.15తోనే వచ్చిన %పిఎక్స్. అసలు అడ్రస్‌నే కావాలని అచ్చువేస్తుంది. పేరు వేరు కాబట్టి సోర్స్ అంతటా సులువుగా వెతకవచ్చు, సమీక్షలో ఎందుకని నిలదీయవచ్చు. ఈ విధానంలో ఎక్కువగా మెచ్చుకోదగ్గది ఇదే అనిపిస్తుంది. ప్రమాదకరమైన పనిని నిషేధించకుండా, కంటికి ఆనేలా చేశారు. రెండోది 2021లో 5.12తో వచ్చిన నో-హ్యాష్-పాయింటర్స్ అన్న బూట్ ఐచ్ఛికం. ఇది పెడితే యంత్రం మొత్తంలో హ్యాష్ ఆగిపోతుంది. బూట్ అవుతున్నప్పుడు చుట్టూ నక్షత్రాలతో గడికట్టిన హెచ్చరిక ఒకటి లాగ్‌లో పడుతుంది. ఎవరూ పొరపాటున దాన్ని అసలు సర్వర్ల మీద వదిలెయ్యకూడదని. అదే ఏడాది 5.14లో స్టీఫెన్ బాయిడ్ చేర్చిన మార్పుతో, స్లాబ్ డీబగ్గింగ్ ఆన్ చేస్తే హ్యాష్ దానంతటదే ఆగిపోతోంది. మెమరీ పాడవడాన్ని వేటాడే పనిలో అసలు అడ్రస్ లేకుండా ముందుకు పోలేమని ఒప్పుకున్నట్టే.

ఇక్కడే వాడకందారుల ఫిర్యాదు ఒకటి మిగిలిపోయింది. హ్యాష్ ఆపాలంటే రీబూట్ చెయ్యాలి. నెలకొకసారి, ఎవరి యంత్రంలోనో, ఎవరూ చూడనప్పుడు తలెత్తే బగ్‌కు రీబూట్ సలహా ఎంత పనికొస్తుందో డ్రైవర్లు రాసేవాళ్లను అడగాలి.

మూడో బాట: అడ్రస్ రాయకపోవడం

ఇంకొందరి వాదన మరింత సూటిగా ఉంటుంది. ఆ వరుసలో అడ్రస్ అసలు దేనికని వాళ్లడుగుతారు. కెర్నెల్ అధికారిక పత్రాలు నేడు ఇదే వైఖరి తీసుకున్నాయి. కొత్తగా %పి చేర్చవద్దనీ, కోడ్ అడ్రస్ అయితే ఫంక్షన్ పేరు అచ్చువేసే %పిఎస్ వాడమనీ, మిగతా చోట్ల పాయింటర్ జోలికే పోవద్దనీ చెబుతాయి.

చోటు చెప్పే రెండో పనికి ఈ బాట పూర్తిగా సరిపోయింది. 2016లో ఎక్స్86 స్టాక్ ట్రేస్‌ల నుంచి కోడ్ అడ్రస్‌లను తీసేసి, ఫంక్షన్ పేరు, దాని మొదలు నుంచి దూరం, ఫంక్షన్ మొత్తం పొడవు మాత్రమే ఉంచారు. ఆ మూడింటినీ సోర్స్‌లోని వరుస సంఖ్యగా మార్చే చిన్న స్క్రిప్టు కెర్నెల్‌తోపాటే వస్తుంది. కేఏఎస్ఎల్ఆర్ వచ్చాక అడ్రస్ ప్రతి బూట్‌కూ మారిపోతుంది కాబట్టి, ఊరికే అడ్రస్ ఇవ్వడం కంటే పేరూ దూరమూ ఇవ్వడమే డీబగ్గింగ్‌కు మేలయింది. భద్రతా, సౌకర్యమూ ఒకే వైపు నిలిచిన అరుదైన సందర్భమిది. లోపాల సంఖ్యలకు బదులు వాటి పేర్లనే అచ్చువేసే %పిఈ కూడా ఈ కోవలోదే.

గుర్తింపు విషయంలో నెట్‌వర్కింగ్ విభాగం చేసింది ఇంకా నేర్పైన పని. సాకెట్ల వివరాలను బయటి ప్రోగ్రాములకు ఇచ్చేటప్పుడు ఒక్కో సాకెట్‌కు గుర్తుగా కెర్నెల్ ఏకంగా దాని అడ్రస్‌నే ఇస్తూ వచ్చింది. 2015లో ఎరిక్ డ్యుమాజే దాన్ని మార్చి, వరుసగా పెరిగే 64 బిట్ల సంఖ్యను సాకెట్ కుకీగా ఇచ్చారు. భద్రత ఒక్కటే కారణం కాదు. ఒక సాకెట్ మూతపడగానే ఆ మెమరీలోనే ఇంకొకటి పుట్టవచ్చు. అప్పుడు రెండు వేర్వేరు సాకెట్లకు ఒకే అడ్రస్ ఉంటుంది, అడ్రస్‌ను నమ్ముకున్నవాడు బోల్తా పడతాడు. అంటే గుర్తింపు పనికి కూడా అడ్రస్ అంత నమ్మదగ్గదేమీ కాదు. హ్యాష్‌దీ అదే లోపం, ఎందుకంటే అడ్రస్ ఒకటైతే హ్యాష్ కూడా ఒకటే. కుకీకి ఆ బాధ లేదు. అయితే ప్రతి వస్తువుకూ ఎనిమిది బైట్లు అదనంగా మోయాలి. కోట్ల కొద్దీ పుట్టి చచ్చే చిన్న వస్తువులకు అది గిట్టుబాటు కాదు.

ఇంతా చేసి దాచేదానికి విలువెంత?

వేరొక వర్గం ఈ రగడనంతా పక్కనుంచి చూసి నవ్వుతుంది. గ్రసెక్యూరిటీ రూపకర్త బ్రాడ్ స్పెంగ్లర్ 2013లోనే, అంటే అసలు లైనక్స్‌లోకి రాకముందే, కెర్నెల్ కేఏఎస్ఎల్ఆర్ ఉత్తుత్తి రక్షణ అని తీవ్రంగా విమర్శించారు. యంత్రంలో ఇప్పటికే అకౌంటు ఉన్నవాడికి అడ్రస్ తెలుసుకునే దారులు లెక్కలేనన్ని ఉంటాయన్నది ఆయన వాదన సారం.

ఆ తరవాతి పరిశోధనలు ఆయన వైపే మొగ్గాయి. 2013లో హుంట్, విలెమ్స్, హోల్ట్స్ ప్రాసెసర్ స్పందించే సమయాన్ని కొలిచి కెర్నెల్ అమరికను పసిగట్టవచ్చని చూపించారు. 2016లో ఇంటెల్ టీఎస్ఎక్స్ సూచనలతోనూ, ప్రీఫెచ్ సూచనలతోనూ అదే పని ఇంకా వేగంగా చేశారు. గ్రాట్స్ నగరంలోని పరిశోధకులు 2017లో కైజర్ అన్న రక్షణను ప్రతిపాదించింది ఈ దారులు మూయడానికే. మెల్ట్‌డౌన్ అన్న ప్రాసెసర్ లోపానికి విరుగుడుగా అదే పేజీ టేబుల్ ఐసోలేషన్ పేరుతో, హ్యాష్ చేసిన %పి వచ్చిన 4.15 వెర్షన్‌లోనే కెర్నెల్‌లో చేరింది. దాన్ని కూడా దాటి కెర్నెల్ ఎక్కడుందో కనిపెట్టవచ్చని 2022లో ఎంట్రీబ్లీడ్ దాడి చూపించింది. ఒక్క అడ్రస్ కూడా లాగ్‌లో లేకపోయినా ఇవన్నీ పనిచేస్తాయి.

ఇది గట్టి వాదనే, కాని దాన్ని చివరిదాకా లాగలేం. సమయం కొలిచే దాడులు ఎక్కువగా బయటపెట్టేది కోడ్ మొదలు ఎక్కడన్నది. లాగ్‌లో %పి బయటపెట్టేది చాలాసార్లు ఒక ప్రత్యేకమైన వస్తువు, ఒక సాకెట్ లేదా ఒక ప్రాసెస్ వివరాలు, హీప్‌లో ఎక్కడున్నాయన్నది. నేటి ఎక్స్‌ప్లాయిట్లకు కోడ్ అడ్రస్ కంటే అదే ముద్దు. కేఏఎస్ఎల్ఆర్ పెళుసైనదని ఒప్పుకున్నా, హీప్ అడ్రస్‌ను లాగ్‌లో ధారపొయ్యడానికి అది సమర్థన కాదు.

ఇతర వ్యవస్థల నడక

ఆపిల్ 2012లో మాక్ ఓఎస్ 10.8, ఐఓఎస్ 6లతో కెర్నెల్‌ను చెదరగొట్టడం మొదలుపెట్టింది. దాని ఎక్స్ఎన్‌యూ కెర్నెల్ కోడ్ అడ్రస్‌ను బయటపెట్టే ముందు, ఆ బూట్‌లో ఎంత జరిగిందో అంత తీసేస్తుంది. అందువల్ల డీబగ్గర్‌కు లెక్క కుదురుతుంది, యంత్రంలో అసలు చోటు మాత్రం తెలియదు. హీప్ అడ్రస్‌లకు వేరే మరుగు ఉంది. కోడ్‌నూ హీప్‌నూ రెండు వేర్వేరు సమస్యలుగా చూడటం వారి తెలివి. విండోస్ చాలాకాలం ఒక సిస్టమ్ పిలుపు ద్వారా కెర్నెల్ అడ్రస్‌లను అడిగినవారికల్లా ఇచ్చింది. 8.1లో తక్కువ నమ్మకం గల ప్రాసెస్‌లకు ఆపింది. విండోస్ 11 24హెచ్2లో డీబగ్ అధికారం లేనివారికి ఇవ్వడం మానేసింది. ఓపెన్‌బీఎస్‌డీది వేరే తోవ. 2017లో వచ్చిన 6.2 నుంచి ప్రతి బూట్‌కూ కెర్నెల్ భాగాలను కొత్త వరుసలో మళ్లీ లింక్ చేస్తుంది. అక్కడ ఒక అడ్రస్ లీకైతే మిగతావి కూడికతో రావు. లైనక్స్‌లోనూ ఫంక్షన్ స్థాయిలో చెదరగొట్టే ప్యాచ్‌లను 2020లో క్రిస్టెన్ అకార్డీ పంపారు, కాని అవి అసలు కెర్నెల్‌లోకి చేరలేదు.

పక్కపక్కన పెడితే

చదివేవాడిని బట్టి చూపడం మూడు పనులనూ కాపాడుతుంది, అయితే లాగ్ యంత్రం దాటితే చేతకానిదవుతుంది. హ్యాష్ గుర్తింపును కాపాడి, చోటునూ లెక్కనూ వదిలేస్తుంది. లాగ్ ఎక్కడికి పోయినా రక్షణ వెంట ఉంటుంది. పేరూ దూరమూ ఇవ్వడం చోటుకు అసలు అడ్రస్ కంటే మేలు, డేటా పాయింటర్లకు పనికిరాదు. కుకీలు గుర్తింపుకు అన్నిటికంటే మెరుగు, ఖర్చు మాత్రం ఉంది. లెక్క, పోలిక అన్న మూడో పనికి అసలు అడ్రస్ తప్ప గతిలేదు. అందుకే %పిఎక్స్, నో-హ్యాష్ ఐచ్ఛికం రెండూ బతికున్నాయి. బతకాలి కూడా. హ్యాష్ వద్దని పోట్లాడేవారిలో చాలామందికి నిజంగా కావలసింది ఈ మూడో పనే. దాన్ని హ్యాష్ తీర్చలేదన్నది నిజం. మిగతా వేలాది %పిలకు హ్యాష్ చాలునన్నదీ నిజమే.

ఇంకా తేలనివి

అన్నిటికంటే పెద్ద కన్నం ఊప్స్ నివేదికే. కెర్నెల్‌లో తప్పు జరిగినప్పుడు పడే ఆ నివేదికలో స్టాక్ ట్రేస్ శుభ్రపడింది గాని, ప్రాసెసర్ రిజిస్టర్ల విలువలు ఇప్పటికీ ఉన్నవి ఉన్నట్టే పడతాయి. వాటిలో చాలామటుకు కెర్నెల్ పాయింటర్లే. వాటిని హ్యాష్ చేస్తే ఊప్స్‌కు అర్థమే ఉండదు, ఎందుకంటే అక్కడ కావలసింది సరిగ్గా ఆ మూడో పని. పానిక్ అయితే బాధ లేదు. యంత్రం ఆగిపోతుంది లేదా రీబూట్ అవుతుంది, ఆ అడ్రస్‌లు చచ్చినట్టే. పానిక్ సందర్భంలో కెర్నెల్ ఎంత జరిగి కూర్చుందో కూడా నిస్సంకోచంగా చెప్పేస్తుంది. ఊప్స్ అలా కాదు. తప్పు చేసిన ప్రాసెస్‌ను చంపి కెర్నెల్ ముందుకు సాగుతుంది. లాగ్‌లో పడిన అడ్రస్‌లు ఇంకా సజీవంగానే ఉంటాయి. చిన్న లోపంతో కావాలని ఊప్స్ తెప్పించి, ఆ నివేదిక చదివి, పెద్ద లోపంతో చొరబడటం సాధ్యమే. ఊప్స్ రాగానే పానిక్ చెయ్యమని సెట్టింగ్ పెట్టుకోవచ్చు, కాని ఒక డ్రైవర్ తుమ్మితే సర్వర్ మొత్తం పడిపోవడానికి అందరూ సిద్ధంగా ఉండరు. 2023లో 6.2 వెర్షన్ ఊప్స్‌ల సంఖ్యకు డిఫాల్ట్‌గా 10,000 పరిమితి పెట్టింది. అది ఊప్స్‌లను పదేపదే తెప్పించి రెఫరెన్స్ లెక్కలను పొంగించే వేరే దాడిని ఆపడానికి. అడ్రస్ తెలుసుకోవడానికి ఒక్క ఊప్స్ చాలు.

తయారీదారుల సొంత డ్రైవర్ల సంగతి మరొకటి. అసలు కెర్నెల్‌లో %పిఎక్స్ చేర్చాలంటే సమీక్ష దాటాలి. ఫోన్ చిప్‌ల కోసం బయట రాసే కోడ్‌కు ఆ సమీక్ష లేదు. 4.15 తరవాత హ్యాష్ ఇబ్బంది పెట్టిందని ఎవరైనా తమ కోడ్‌లో %పిలన్నిటినీ ఒక్క వేటుతో %పిఎక్స్‌గా మార్చేస్తే అడ్డుకునేవారు లేరు. కెర్నెల్‌తోపాటు వచ్చే, టోబిన్ హార్డింగే రాసిన లీకుల గాలింపు స్క్రిప్టు నడుస్తున్న యంత్రంలో ఇలాంటివాటిని కొంత పట్టగలదు, ఎవరైనా దాన్ని నడిపితే.

రూట్‌కు, కెర్నెల్‌కు మధ్య గీత ఎక్కడ గియ్యాలన్నదీ తేలలేదు. ఈ పద్ధతులన్నీ రూట్ నమ్మదగినవాడన్న ఊహ మీదే నిలిచాయి. 2019లో 5.4తో వచ్చిన లాక్‌డౌన్, ముఖ్యంగా దాని గోప్యతా స్థాయి, రూట్‌ను కూడా కెర్నెల్ మెమరీ చదవనివ్వదు. ఆ లోకంలో అధికారం ఉంటే అసలు అడ్రస్ చూపే %పికె ఎక్కడ నిలబడాలి? పెర్ఫ్ లాంటి కొలత సాధనాలకు కెర్నెల్ సింబళ్ల అడ్రస్‌లు కావాలి. వాటిని ఎవరికి ఇవ్వాలన్నది ఇప్పటికీ రెండు మూడు సెట్టింగ్‌ల కలయిక మీద ఆధారపడి ఉంది. ఏది పెడితే ఏది కనబడుతుందో కోడ్ చదవకుండా చెప్పడం కష్టం.

మూడో పనికి మధ్యేమార్గం ఉంటుందా అన్నది చివరి ప్రశ్న. పేజీ లోపలి స్థానాన్ని చెప్పే కింది 12 బిట్లను వదిలి, పైవాటినే హ్యాష్ చేస్తే ఎలా ఉంటుంది? రెండు వస్తువులు ఒకే పేజీలో ఉన్నాయో లేదో, ఉంటే వాటి మధ్య దూరమెంతో తెలుస్తాయి, ఎనిమిది బైట్ల జారుడూ కనబడుతుంది. కాని హీప్‌లో వస్తువుల అమరికను తనకు అనుకూలంగా పేర్చుకునే చొరబాటుదారుకు పేజీ లోపలి స్థానమే సగం పని. కోడ్ విషయంలోనైతే, రెండు మెగాబైట్ల అంచెల్లో జరిగే కెర్నెల్‌కు ఆ కింది బిట్లు ఎప్పుడూ మారవు కాబట్టి వాటిలో రహస్యమేమీ లేదు. 6బి6బిలాంటి తీరును హ్యాష్ చెయ్యకుండా యథాతథంగా వదిలెయ్యడం అంతకంటే తేలిక. అది ఏ సజీవ వస్తువు అడ్రస్సూ కాదు, శూన్య పాయింటర్‌లాగే అందులోనూ దాచడానికి ఏమీ లేదు.